జటాయువు ఋణం

పుట్టినది గిట్టక తప్పదన్న మాట పెద్దలు నిత్యం చెప్పేదే. ఆ మాట వ్యక్తికి వర్తించినట్లు జాతికి వర్తించదు. ఒక పక్షి చనిపోతే దాని గూటిలోనో, పక్క చెట్టుమీది గూటిలోనో మరొక పిల్ల రెక్కలు విదుల్చుకుంటుంది. పోయినదాని రంగు, కూత, ఎగిరే తీరు, ఆహారం వెతికే నేర్పు కొత్తదానిలో తిరిగి కనిపిస్తాయి. కనుక వ్యక్తి మరణంలో దుఃఖం ఉన్నప్పటికీ వెలితి లేదు. జాతి నశించినప్పుడు సంగతి వేరు. అప్పుడు ముగిసేది ఒక జీవితం కాదు. పుట్టుక అనేదే ముగుస్తుంది. లక్షల సంవత్సరాలుగా తల్లి నుంచి బిడ్డకు చేతులు మారుతూ వచ్చిన దీపం ఒకనాడు ఎవరి చేతిలోనో ఆరిపోతుంది. ఆరిన దీపాన్ని తిరిగి వెలిగించగల నిప్పు లోకంలో మరెక్కడా ఉండదు.

ఇంత గంభీరమైన నష్టానికి మనిషి బాధ్యుడైనప్పుడు అతని కర్తవ్యం ఏమిటి? నశించిపోతున్న జాతిని ఎందుకు కాపాడాలి? ఎవరి కోసం కాపాడాలి? పులిని గురించి, నెమలిని గురించి ఈ ప్రశ్న వేసుకుంటే జవాబు సులభంగా దొరుకుతుంది. పులి ఠీవి చూసినవాడికి, నెమలి పింఛం చూసినవాడికి వేరే తర్కం అక్కరలేదు. సులభంగా దొరికిన జవాబు ఎంతవరకు నిలుస్తుందో తెలియాలంటే అందచందాలు లేని ప్రాణిని ఎదుట నిలబెట్టుకొని ప్రశ్నించవలసి ఉంటుంది. అటువంటి ప్రాణి రాబందు. దాని కథ ఢిల్లీ నగరపు ఆకాశంలోనే నడిచింది.

1960ల చివర రష్యన్ పక్షిశాస్త్రజ్ఞుడు గలూషిన్ ఢిల్లీలోని వేటపక్షులను గణించాడు. సుమారు 150 చదరపు కిలోమీటర్ల ప్రదేశంలో వేలాది గద్దల జంటలతోపాటు, 400 దాకా తెల్లవీపు రాబందుల జంటలు గూళ్ళు కట్టుకొని ఉన్నట్లు 1971లో ప్రకటించాడు. లోకంలోని మరే మహానగరంలోనూ ఇన్ని పెద్ద పక్షులు మనుషుల నడుమ కాపురం చేయడం అరుదు. రాజమార్గాల పక్కనున్న వృక్షాల మీద, పాత సమాధుల గుమ్మటాల మీద అవి మెడలు ముడుచుకొని కూర్చునేవి. పొద్దెక్కి గాలి వేడెక్కిన తరువాత, రెక్క ఆడించకుండా ఆ గాలినే ఆసరా చేసుకొని చుట్లు తిరుగుతూ పైకి లేచేవి. ఎక్కడో ఊరిచివర ఒక పశువు కళేబరం పడితే ఒక పక్షి దిగడం చూసి మరొకటి, దానిని చూసి వేరొకటి దిగేవి. గంట రెండు గంటలలో అక్కడ ఎముకలు తప్ప మరేమీ మిగిలేది కాదు.

ఆ కాలంలోనే, 1969 నవంబరులో, ప్రకృతి పరిరక్షణకు ఏర్పడిన అంతర్జాతీయ సంఘం తన మహాసభను న్యూఢిల్లీలో జరిపింది. ప్రధాని ఇందిరాగాంధీ ఆ సభలో ప్రసంగించారు. పులి తగ్గిపోతున్నదన్న ఆందోళన అక్కడ బలంగా వినవచ్చింది. తరువాత పులివేట నిషిద్ధమైంది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1973లో పులుల సంరక్షణ పథకం వచ్చాయి. ఆ సభ జరిగిన నగరపు ఆకాశంలో నాడు తిరుగుతున్న రాబందులు కూడ ప్రమాదంలో పడగలవని ఎవరికీ తోచలేదు. తోచకపోవడంలో వింత లేదు. కొదవ లేనిదానిని గురించి బెంగపెట్టుకోవడం మనిషి స్వభావంలో లేదు.

కొదవ వచ్చింది. నేడు రాజధాని ప్రాంతంలో చేరి ఉన్న భరత్‌పూర్‌లో కేవలాదేవ్ పక్షిధామం ఉన్నది. 1980ల మధ్యలో అక్కడ రాబందుల గూళ్ళు వందల సంఖ్యలో ఉండేవి. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన విభూ ప్రకాశ్ 1990లలో తిరిగి లెక్కించినప్పుడు అవి ఘోరంగా క్షీణించినట్లు తేలింది. పక్షులు కొమ్మల మీద మెడలు వేలాడవేసుకొని రోజుల తరబడి కూర్చొని, ఒకనాడు రాలిపోయేవి. దేశమంతటా ఇదే తీరు. 1992, 2007 సంవత్సరాల గణనలను పోల్చి చూస్తే తెల్లవీపు రాబందులలో వెయ్యింటికి తొమ్మిదివందల తొంభైతొమ్మిది అంతరించినట్లు తేలింది. కోట్లలో లెక్కించదగిన పక్షి వేలలోకి దిగిపోవడానికి ఒక తరం కాలం కూడ పట్టలేదు.

కారణం ఏమిటో చాలకాలం అంతుపట్టలేదు. అంటువ్యాధి అనుకున్నారు, పురుగుమందు అనుకున్నారు. చివరకు పాకిస్తాన్‌లో చనిపోయిన రాబందులను పరీక్షించిన లిండ్సే ఓక్స్ బృందం 2004లో అసలు సంగతి బయటపెట్టింది. డైక్లోఫినాక్ అనే నొప్పి మందు పశువైద్యంలో 1990ల నుంచి విరివిగా వాడుకలోకి వచ్చింది. చౌక అయినది, త్వరగా పనిచేసేది. ఆ మందు పడిన పశువు కొద్ది దినాలలోనే చనిపోతే, దాని మాంసం తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడి, లోపలి అవయవాల మీద తెల్లని సున్నంలాంటి పొర పేరుకొని ప్రాణం పోతుంది. నూరు కళేబరాలలో ఒక్కదానిలోనైనా మందు ఉండనక్కరలేదు. అంతకంటె తక్కువ ఉన్నా జాతి మొత్తాన్ని తుడిచిపెట్టడానికి చాలును. ఒక్క కళేబరం దగ్గర పదులకొద్దీ పక్షులు పంక్తిభోజనం చేస్తాయి గదా!

ఇక్కడ నీతిశాస్త్రానికి కఠినమైన చిక్కు ఎదురవుతుంది. పులిని చంపినవాడి చేతిలో తుపాకి ఉన్నది. మనసులో గర్వమో లోభమో ఉన్నది. అతణ్ణి పట్టుకోవచ్చు, శిక్షించవచ్చు, కనీసం నిందించవచ్చు. రాబందును చంపినవాడెవడు? కాలు వాచి లేవలేని ఆవును చూసి జాలిపడి వైద్యుణ్ణి పిలుచుకువచ్చిన రైతా? నొప్పి తగ్గించడమే ధర్మంగా సూదివేసిన వైద్యుడా? మందు చేసిన రసాయనశాస్త్రజ్ఞుడా? ముసలి ఆవును కసాయికి అమ్మడానికి మనసొప్పక, చివరిదాకా మేపి, చచ్చిన తరువాత ఊరిబయట వదిలిన గృహస్థుడా? వీరిలో ఒక్కరికీ రాబందు మీద పగ లేదు. అందరి చేతులలోనూ ఉన్నది దయ. వేటగాళ్ళ క్రౌర్యం చేయలేని పనిని గోవు మీది కరుణ పదిహేను సంవత్సరాలలో చేసిపెట్టింది.

అంతమాత్రాన కరుణ తప్పని అనడానికి వీలు లేదు. అయితే కరుణకు ఒక పరిమితి ఉన్నదని ఒప్పుకోవలసి ఉంటుంది. అది కంటి ఎదుట ఉన్నదానినే చూస్తుంది. చాందనీచౌక్‌లో ఎర్రకోటకు ఎదురుగా ఉన్న జైన దేవాలయంలో పక్షుల ధర్మాసుపత్రి ఒకటి చాలకాలంగా నడుస్తున్నది. గాలిపటాల దారానికి రెక్క తెగిన పావురాన్ని, ఎండకు సొమ్మసిల్లిన చిలుకను అక్కడికి తెస్తే ఉచితంగా వైద్యం చేసి, కోలుకున్న తరువాత విడిచిపెడతారు. మాంసం తినే పక్షులకు కూడ కట్టుకట్టి మందు ఇస్తారు గాని లోపల ఉంచుకోరు. అహింసావ్రతానికి మాంసాహారిని పోషించడం ఎట్లా అన్నది పాతకాలపు చిక్కు. ఆ ఆసుపత్రిలో జరిగే పని పవిత్రమైనదే. అక్కడ ప్రతి ప్రాణికి ఒక ముఖం ఉన్నది, ఒక గాయం ఉన్నది. జాతికి ముఖం లేదు. జాతికి తగిలిన గాయానికి నెత్తురు కారదు. దానిని చూడాలంటే కన్ను చాలదు. సంవత్సరాల తరబడి గూళ్ళు లెక్కపెట్టిన ఓర్పు కావాలి, కళేబరాన్ని కోసి పరీక్షించిన శాస్త్రం కావాలి. దయ జ్ఞానాన్ని తోడు తెచ్చుకోకపోతే తాను ఎవరిని కాపాడుతున్నదో, ఎవరిని చంపుతున్నదో దానికే తెలియదు.

ఈ జాతిని కాపాడడం ఎందుకన్న ప్రశ్నకు మొదట వినిపించే జవాబు ప్రయోజనం. రాబందు లేనప్పుడు కళేబరాలు కుళ్ళిపోయాయి, ఊరకుక్కలు పెరిగాయి, కుక్కకాటువల్ల వచ్చే రేబిస్ ప్రబలింది, నీళ్ళు చెడ్డాయి. ఎయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అనే ఆర్థికశాస్త్రజ్ఞులు రాబందులు ఎక్కువగా ఉండిన జిల్లాలను, మొదటినుంచీ లేని జిల్లాలను పోల్చి, 2000 నుంచి 2005 వరకు దేశంలో సుమారు ఐదు లక్షల అదనపు మరణాలకు ఈ లోటు కారణమైనదని 2024లో అంచనా కట్టారు. పశువు తోలు ఒలుచుకొని, రాబందులు శుభ్రం చేసి విడిచిన ఎముకలు ఏరి అమ్ముకొని బతికిన నిరుపేదల జీవనం దెబ్బతిన్నది. బొంబాయి పార్శీలకు తమ మృతులను దఖ్మాలలో పక్షులకు అర్పించే ప్రాచీన సంస్కారమే కొరవడింది. అసహ్యించుకున్న పక్షి జీతం లేకుండా ఎంత పని చేసిపెట్టిందో అది లేకపోయిన తరువాతనే తెలిసింది.

ఈ వాదంలో సత్యం లేకపోలేదు. శాసనకర్తలను కదిలించగల వాదం కూడ ఇదే. కాని దీనిని చివరిదాకా నడిపిస్తే ఎక్కడికి చేరుతుందో ఆలోచించాలి. రేపు ప్రతి ఊరికీ కళేబరాలను కాల్చి బూడిదచేసే యంత్రం ఒకటి వచ్చిందనుకుందాము. అప్పుడు రాబందు చేసే పని యంత్రం చేస్తుంది. ఇక రాబందు ఉండి ఏమి, పోయి ఏమి అని ప్రయోజనవాది అనక తప్పదు. పనివాడు పని చేసినన్నాళ్ళే అన్నం పెట్టి, చేతకానినాడు వీధిలోకి నెట్టే యజమాని నీతికీ దీనికీ భేదం లేదు. ఇంకొక లోపం కూడ ఉన్నది. రాబందు విలువ మనిషికి తెలిసినది దానిని పోగొట్టుకున్న తరువాత. మరి విలువ తెలియని జాతులు ఎన్ని ఉన్నాయో! ఏది ఉపయోగమో ఏది కాదో తేల్చే అధికారం, ఇంత ఆలస్యంగా లెక్క తెలుసుకునే గుమాస్తాకు అప్పగించడం వివేకం కాదు.

ఢిల్లీలోని సర్వోన్నత న్యాయస్థానం ఈ ప్రశ్నను వేరొక సందర్భంలో ఎదుర్కొన్నది. గుజరాత్‌లోని గిర్ అడవిలో తప్ప మరెక్కడా లేని ఆసియా సింహాలలో కొన్నింటిని మధ్యప్రదేశ్‌లోని కూనోకు తరలించాలా వద్దా అన్న వివాదంలో 2013 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. మనిషి మేలును కేంద్రంగా చేసుకొని ఆలోచించే దృష్టిని విడిచి, ప్రకృతిని కేంద్రంగా చేసుకొని ఆలోచించాలనీ, ఆ జాతికి ఏది శ్రేయస్సో అదే ప్రమాణం కావాలనీ న్యాయస్థానం చెప్పింది. సింహం మీద ఏ రాష్ట్రానికి హక్కు అన్న ప్రశ్న అక్కడ వెనుకకు పోయింది; సింహానికి ఏది క్షేమం అన్నది ముందుకు వచ్చింది. తీర్పు వెలువడి దశాబ్దం దాటినా సింహాలు గిర్ విడిచి కూనో చేరలేదు. 1952లో దేశంలో అంతరించినట్లు ప్రకటితమైన చీతాకు బదులుగా 2022లో ఆఫ్రికా చీతాలు వచ్చి ఆ అడవిలో దిగాయి. సిద్ధాంతం ఒప్పుకోవడానికీ దానిని అడవిదాకా నడిపించడానికీ నడుమ ఎంత దూరమో ఈ కథ చెపుతున్నది. అయినా ఒక దేశపు అత్యున్నత పీఠం నోరులేని జాతిని వ్యాజ్యంలో ఆస్తిగా గాక పక్షంగా చూడడం చిన్న విషయం కాదు.

ఈ దృష్టి బయటినుంచి వచ్చినదని అనుకోనక్కరలేదు. గృహస్థుకు విధించిన పంచమహాయజ్ఞాలలో భూతయజ్ఞం ఒకటి. తాను తినకముందు ఇతర ప్రాణులకు ఒక ముద్ద విడవాలని దాని విధి. ఆ ముద్ద తినబోయే కాకి వల్ల తనకేమి లాభమని గృహస్థు అడగడు. పుట్టుకతోనే కొన్ని అప్పులు నెత్తిన ఉంటాయన్నది ఆ విధి వెనుక ఉన్న భావం. దేవతలకు, ఋషులకు, పితరులకు ఋణపడినట్లే మనిషి తనతో పాటు ఈ నేలను పంచుకున్న ప్రాణులకు కూడ ఋణపడి ఉన్నాడు. అప్పు ఇచ్చినవాడు అందంగా ఉన్నాడనో, మళ్ళీ ఉపయోగపడతాడనో తీర్చేది కాదు. తీసుకున్నాము గనుక తీర్చేది. ప్రయోజనవాదానికీ ఋణభావానికీ ఉన్న తేడా ఇదే. మొదటిది ముందు రాబోయే లాభం వైపు చూస్తుంది. రెండవది ఇదివరకే ముట్టినదానిని తలచుకుంటుంది.

రామాయణంలో జటాయువు కథ ఈ భావానికి రూపం కట్టింది. సీతను ఎత్తుకుపోతున్న రావణుణ్ణి అడ్డగించి, రెక్కలు తెగి పడిన వృద్ధపక్షి రాముడికి కబురు చెప్పి ప్రాణం విడుస్తుంది. రాముడు దానికి తండ్రికి చేసినట్లు దహనసంస్కారం చేస్తాడు. లోకంలోని కళేబరాలన్నిటికీ అంత్యక్రియ జరిపే కులం పక్షికి అంత్యక్రియ జరిపినవాడు రాముడు. ఆ పక్షి పడిన చోటు తమదేనని రాయలసీమలో లేపాక్షి వాసులు చెప్పుకుంటారు. పేరులోనే ఆ కథను నిలుపుకున్నారు. ఇంత గౌరవం ఇచ్చిన జనమే రాబందు ఇంటిమీద వాలితే అరిష్టమని శాంతులు చేయించుకున్నారు. పీల్చుకుతినేవాడిని రాబందుతో పోల్చి తిట్టారు. కథలో పూజ, వాకిట్లో జుగుప్స. ఈ రెంటికీ నడుమ నిజమైన పక్షి ఎవరి దృష్టికీ ఆనలేదు. అది మాయమైపోతున్నప్పుడు ఎక్కువమంది గమనించకపోవడానికి బహుశా ఇదే కారణం.

ఋణం ఎవరు తీర్చాలి అన్నది మరొక ధర్మసందేహం. సంరక్షణను గురించి నగరంలో సభలు జరుగుతాయి. దాని భారం పల్లెలో పడుతుంది. నొప్పితో మూలుగుతున్న ఒకే ఒక ఆవు ఉన్న రైతును పట్టుకొని, ఎప్పుడూ చూడని పక్షి కోసం చౌకమందు మానుకొమ్మని చెప్పడం న్యాయమా? ఆ రైతు ప్రశ్నకు సమాధానం చెప్పలేని సంరక్షణ ధనవంతుల వినోదమే అవుతుంది. అదృష్టవశాత్తు ఇక్కడ గోవుకూ రాబందుకూ మధ్య ఒకదానిని ఎన్నుకోవలసిన అవసరం రాలేదు. మెలాక్సికమ్ అనే మరొక మందు పశువుకు ఉపశమనం ఇస్తుందనీ, పక్షికి హాని చేయదనీ 2006లో పరీక్షలు నిరూపించాయి. పశువైద్యంలో డైక్లోఫినాక్‌ను భారత ప్రభుత్వం ఆ సంవత్సరమే నిషేధించింది. మొదట్లో కొత్త మందు ఖరీదు ఎక్కువ. ఆ తేడాను రైతు ఒక్కడే భరించాలనడం అన్యాయం. పక్షి అందరిదీ అయినప్పుడు దాని ఖర్చు కూడ అందరిదీ కావాలి.

అన్ని చిక్కులూ ఇంత సులభంగా విడిపోవు. రాజస్థాన్ ఎడారిలో బట్టమేక పిట్ట విద్యుత్తు తీగలకు తగిలి చనిపోతున్నది. ఆ తీగలు మోసుకువచ్చేది సూర్యుడి వెలుగునుంచి తీసిన శక్తిని. భూమి వేడెక్కకుండా ఆపడానికి అది కావాలి. 2021లో ఆ తీగలను భూమిలో పాతిపెట్టాలన్న సర్వోన్నత న్యాయస్థానం, 2024లో ఆ ఆజ్ఞను సడలించి నిపుణుల సంఘానికి విషయం అప్పగించింది. ఇక్కడ తగాదా మంచికీ చెడుకూ కాదు, రెండు మంచులకు. ఇటువంటి చోట ఏ సూత్రమూ తీర్పు చెప్పజాలదు. ఒక్కటి మాత్రం నిశ్చయంగా చెప్పవచ్చు: ఆలస్యమైన తీగను మరొక సంవత్సరం వేసుకోవచ్చు, పోయిన జాతిని ఏ సంవత్సరమూ తెచ్చుకోలేరు. సరిదిద్దుకోగల నష్టాన్నీ, సరిదిద్దుకోలేని నష్టాన్నీ ఒకే త్రాసులో తూచడం పొరపాటు.

హర్యానాలోని పింజోర్‌లో రాబందులను పంజరాలలో పెంచి పిల్లలను లేవదీస్తున్నారు. 2020లో కొన్ని తెల్లవీపు రాబందులను అక్కడినుంచి బయటికి వదిలారు కూడ. ఈ ప్రయత్నం లేకపోతే ఆశకే చోటుండదు. అయితే పంజరంలో ఉన్నన్నాళ్ళు అది రాబందు అవునా అని అడగవచ్చు. రాబందు అంటే ముక్కు, రెక్క, బోడిమెడ మాత్రమే కాదు. ఆకాశపు ఎత్తునుంచి చనిపోయినదానిని వెతికి, దానిని తిరిగి మట్టికి అప్పగించే పని కూడ. ఆకాశంలోనూ నేలమీదా విషం ఉన్నంతకాలం పంజరం బీజాన్ని దాచిన గాదె వంటిది. విత్తనం గాదెలో చెడకుండా ఉంటుంది, కాని పంట కాదు. పంట కావాలంటే పొలం బాగుపడాలి.

పొలం బాగుచేయడమంటే ఎక్కడ? అడవిలో తుపాకి పట్టుకున్న కావలివాడు ఈ పక్షిని కాపాడలేడు. దానికి వేటగాడు లేడు. నిషేధం వచ్చిన తరువాత కూడ మనుషుల కోసం తయారైన డైక్లోఫినాక్ పెద్ద సీసాలు పశువుల దగ్గరికి చేరుతూ వచ్చాయి. 2015లో ప్రభుత్వం మనుషులకిచ్చే సూదిమందు సీసాను మూడు మిల్లీలీటర్లకు, అంటే ఒక మోతాదుకు, పరిమితం చేసింది. పశువుకు కావలసినంత మందు అటువంటి సీసాలతో సమకూర్చుకోవడం ఖరీదు, శ్రమ. 2023లో రాబందుకు హాని చేసే కీటోప్రొఫెన్, ఏసిక్లోఫినాక్ మందులను కూడ పశువైద్యంలో నిషేధించారు. ఒక జాతి బతకడం, నశించడం చివరకు సంతవీధిలోని మందుల అంగడిలో, చూపుడువేలంత సీసా మీద ఆధారపడి ఉన్నది. ఆ అంగడివాడు అడిగినవాడికి ఏ మందు ఇస్తాడన్నదే నేడు జటాయువు ఋణం తీరే చోటు.

తీరినట్లు చూడగలిగేవారు ఎందరో చెప్పలేము. రాబందు జంట సంవత్సరానికి ఒక్క గుడ్డు పెడుతుంది. పిల్ల పెరిగి తాను గూడు కట్టడానికి నాలుగైదు సంవత్సరాలు పడుతుంది. పదిహేను సంవత్సరాలలో పోయినది నూరు సంవత్సరాలలోనైనా పూర్తిగా తిరిగివస్తుందన్న హామీ లేదు. ఢిల్లీ ఆకాశంలో మిట్టమధ్యాహ్నం వేళ గద్దలు ఇప్పటికీ తిరుగుతున్నాయి. చెత్తకుప్పల మీద పక్షులు మూగడం చూసే పిల్లలకు ఆకాశంలో ఏదో తక్కువైనదని తెలియదు. వారు పుట్టేనాటికే అది లేదు. ఎరగనిదాని కోసం ఎవరూ దుఃఖించరు. కనుక ఎరిగినవారు ఉన్న ఈ కొద్దికాలంలోనే, చౌక సీసాను పక్కకు పెట్టి రెండవ సీసాను అందుకునే పని జరగవలసి ఉన్నది. ఆ చేతికి ఫలం చూసే యోగం లేకపోవచ్చు. మామిడి టెంక పాతిన ముసలివాడికి కూడ అది లేదు.